ఏళ్ల తరబడి రాసిన నాటికను నటుల చేతికి ఇవ్వడం ఎలా?

ఒక నాటిక మీద ఆరేళ్లు కూర్చున్నాను. రిటైరైన ఆర్టీసీ కండక్టరు, ఇల్లు అమ్మేద్దామంటున్న కొడుకు, ఇద్దరి మధ్యా నలిగిపోయే కోడలు. కథ ఇంతే. పదకొండుసార్లు తిరగరాశాను. మొదటిసారి దాన్ని నాటక సమాజం వాళ్లకి ఇవ్వడానికి వెళ్లిన రోజున సంచిలో పది కాపీలున్నాయి, కాళ్లలో మాత్రం బలం లేదు. ఆ టెన్షన్ రాసినవాళ్లందరికీ ఉంటుంది. అన్నాళ్లూ ఆ మనుషులు మన ఒక్కరికే తెలుసు. ఆ రోజు నుంచి వాళ్లు వేరేవాళ్ల గొంతులతో మాట్లాడతారు.

ఆ నాటికను ఇవ్వడంలో నేను చేసిన తప్పులు చాలా ఉన్నాయి. ఆ తర్వాత మరో రెండు ఇచ్చేసరికి ఏది ముందు చేయాలో, ఏది అసలు చేయకూడదో కొంత తెలిసింది. మీ బీరువాలో కూడా అలా ఏళ్లుగా పెరిగిన నాటిక ఉండి, దాన్ని ఆడటానికి ఒక సమాజం ముందుకొచ్చి ఉంటే ఇది మీకోసమే. నాటక పోటీలు పెట్టే పరిషత్తుల్లో ఆడే సాంఘిక నాటికను మనసులో పెట్టుకుని చెబుతున్నాను. పూర్తి నిడివి నాటకానికీ పనికొస్తుంది. పద్యనాటకం సంగతి వేరు. అక్కడ రాగం నటుడిది, గుక్క నటుడిది, వన్స్‌మోర్ కొడితే సమయమూ ఆయనదే.

ముందు రాయడం ఆపండి

ఇవ్వాలంటే ముందు అది పూర్తయి ఉండాలి. ఏళ్లుగా రాస్తున్నవాళ్లకి ఇదే కష్టం, ఎప్పుడు తీసినా ఇంకో మాట మార్చాలనిపిస్తుంది. గురజాడ కన్యాశుల్కం 1892లో విజయనగరంలో ఆడింది, 1897లో అచ్చయింది. 1909లో ఆయన దాన్ని వేరే నాటకమా అన్నంతగా తిరగరాసి మళ్లీ అచ్చు వేశారు. కాబట్టి తిరగరాయడంలో తప్పేమీ లేదు. అయితే ఆ రెండు ప్రతులూ దేనికది నిలబడతాయి. మనతో వచ్చే చిక్కేమిటంటే, సగం పాత ప్రతీ సగం కొత్త ప్రతీ కలిపి నటుల చేతుల్లో పెట్టేస్తాం. వాళ్లు దాన్నే కంఠతా పడతారు.

అందుకని రిహార్సల్స్ మొదలయ్యే తేదీకి ఓ నెల ముందే చివరి ప్రతి తయారు చేసి పక్కన పెట్టండి. పది పదిహేను రోజులు దాని ముఖం చూడకండి. తర్వాత ఒక్కరే తలుపు వేసుకుని, ఎదురుగా గడియారం పెట్టుకుని, మొదటి నుంచి చివరిదాకా పైకి చదవండి. మనసులో చదవడం లెక్కలోకి రాదు. కళ్లు పట్టుకోలేని తప్పుల్ని నాలుక పట్టుకుంటుంది.

కోడలి పాత్రకి నేను రాసిన ఒక డైలాగు ఇది: "మీ నిర్ణయం వల్ల ఎవరికి ఏం లాభం కలుగుతుందో ఒక్కసారి ఆలోచించండి." ఆరేళ్లలో దీన్ని యాభైసార్లు చదివి ఉంటాను, ఎప్పుడూ బాగానే ఉందనిపించింది. పైకి చదివిన రోజు పత్రిక సంపాదకీయం చదువుతున్నట్టు వినిపించింది. వంటింట్లోంచి తడిచేతులు తుడుచుకుంటూ వచ్చే మనిషి అలా మాట్లాడదు. "అమ్మితే ఎవరికొస్తుంది మావయ్యా ఆ డబ్బు?" అని మార్చాను. ఇలాంటివి ఇప్పుడే పట్టుకోండి. నటి నోట్లో పడ్డాక మార్చాలంటే ఇద్దరికీ ఇబ్బంది.

గడియారం ఎందుకంటే, చాలా పరిషత్తుల్లో నాటికకు గంట గడువు. కుర్చీలో కూర్చుని చదివితే 54 నిమిషాలు వచ్చింది కదా, చాలులే అనుకున్నాను. స్టేజీ మీద నడక ఉంటుంది, మౌనం ఉంటుంది, లైటు ఆరి మళ్లీ వెలిగేదాకా వ్యవధి ఉంటుంది, జనం నవ్వితే ఆగాలి. మొదటి పూర్తి రిహార్సల్‌లో అది 68 నిమిషాలు తేలింది. అప్పటికి అందరికీ డైలాగులు వచ్చేశాయి. రాత్రుళ్లు కూర్చుని కంఠతా పట్టిన మాటల్ని కొట్టేస్తుంటే నటుల ముఖాలు చూడలేకపోయాను. కుర్చీలో 45 దాటకుండా చూసుకోండి. కోత ఏదైనా మీ ఇంట్లోనే జరగాలి.

కాపీ ఎలా ఉండాలి

ఇది చిన్న విషయంలా కనిపిస్తుంది, సగం గొడవలు ఇక్కడే పుడతాయి.

చాలామందిమి ఇప్పటికీ డీటీపీ సెంటర్లో అను ఫాంట్లలో టైపు చేయిస్తాం. ఆ ఫైలు అలాగే వాట్సాప్‌లో పంపితే ఆ ఫాంటు లేని ఫోనులో పిచ్చి అక్షరాలు వస్తాయి. పీడీఎఫ్ చేయించి పంపండి. అక్షరం 14 పాయింట్లకి తగ్గనివ్వకండి, తండ్రి పాత్ర వేసే ఆయనకి అరవై దాటి ఉండొచ్చు. కాగితానికి ఒకవైపే ప్రింటు తీయించండి. ఎదురుగా ఉండే ఖాళీ పేజీ నటుడిది. ఎక్కడ లేవాలో, ఎక్కడ ఊపిరి తీసుకోవాలో అక్కడ పెన్సిలుతో రాసుకుంటాడు.

ప్రతి డైలాగుకీ నంబరు వేయండి. నాటకం రాత ప్రతిలో అంకెలేంటని నేనూ మొదట అనుకున్నాను. కానీ ఉద్యోగాలు చేసుకునే నటులు రాత్రి పదింటికి ఫోన్లో డైలాగులు చెప్పుకునేటప్పుడు "112 నుంచి అందుకో" అంటే చాలు, పేజీలు వెతుక్కోనక్కర్లేదు. ప్రతి పేజీ కింద తేదీ ఉండాలి. ఒకసారి మొదటి రిహార్సల్‌లో కొడుకు ఒక డైలాగు చెబితే కోడలు ఇంకేదో జవాబు చెప్పింది. ఇద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు. తీరా చూస్తే ఆమె దగ్గరున్నది నేను ఎనిమిది నెలల క్రితం ఎవరికో అభిప్రాయం కోసం పంపిన పాత ఫైలు. గ్రూపుల్లో తిరిగి తిరిగి ఆమెకి చేరింది. ఆ అమ్మాయి దాన్ని మొత్తం నేర్చుకుని వచ్చింది.

పాత్రల పట్టికలో వయసు, వరస, ఏం పని చేస్తాడు, ఇవి మాత్రం రాయండి. "మంచివాడు", "గడుసుది", "స్వార్థపరుడు" వద్దు. అలా రాస్తే కొడుకు పాత్ర వేసేవాడు మొదటి డైలాగు నుంచే విలన్ గొంతు పెడతాడు. ఇల్లు అమ్ముదామన్నవాడికీ ఒక కారణం ఉంది. అది డైలాగుల్లోంచి అతనే తవ్వుకోవాలి.

అలాగే ప్రతి డైలాగు ముందూ మనం పెట్టుకునే "కోపంగా", "కన్నీళ్లతో", "బొంగురుపోయిన గొంతుతో" అనే ముక్కలన్నీ కొట్టేయండి. నా ప్రతిలో అలాంటివి 90 పైన ఉన్నాయి. తీసేశాక మిగిలినవి ఏడు. ఆ ఏడూ చేతలు: తలుపు గడియ వేస్తాడు, తోలు సంచి తీస్తాడు, ఇలాంటివి. తర్వాతి కథ వాటి మీద ఆధారపడింది కాబట్టి ఉంచాను. మాట చదివితే కోపం తెలియకపోతే తప్పు మాటలో ఉంది, బ్రాకెట్లో రాసి లాభం లేదు.

కాపీలు నటులకే కాదు. దర్శకుడికి, రిహార్సల్‌లో ప్రతి పట్టుకుని, మర్చిపోయిన డైలాగు అందించేవారికి, సంగీతం చూసేవారికి, లైటింగ్ చూసేవారికి, సెట్ చేసేవారికి కూడా ఒక్కోటి ఇవ్వండి. లైటింగ్ చూసే ఆయన మీ నాటికను ప్రదర్శన రోజు మధ్యాహ్నమే మొదటిసారి చూసే అవకాశం ఎక్కువ. ఆయనకి మొత్తం చదివే తీరిక ఉండదు. ఎక్కడ లైటు మారాలో, అక్కడి చివరి మాట ఏమిటో ఒక్క పేజీలో రాసి కాపీకి పిన్ను చేయండి.

ఒక కాగితం రాసుకోండి

స్నేహితుల మధ్య కాగితాలేమిటని చాలామంది మొహమాటపడతారు. మొహమాటం వదిలేయండి. కాపీరైట్ చట్టం, 1957 ప్రకారం రాసినప్పటి నుంచే హక్కు మీది, రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు. మీ తర్వాత కూడా 60 ఏళ్లు ఉంటుంది. ఆ హక్కును ఇంకొకరికి ఇవ్వాలంటే సంతకంతో రాత ఉండాలి. ఎంతకాలానికో రాయకపోతే ఐదేళ్లని, ఏ ప్రాంతానికో రాయకపోతే దేశమంతటికీ అని చట్టం లెక్క వేస్తుంది. కాబట్టి ఈ రెండూ మీరే రాయండి. ఔత్సాహిక సమాజం టికెట్టు పెట్టకుండా ఆడితే అది ఉల్లంఘన కాదనే మినహాయింపు కూడా అదే చట్టంలో ఉంది. మన పరిషత్తుల్లో ఎక్కువ శాతం ఉచిత ప్రవేశమే, ఈ సంగతి తెలిసి ఉండటం మంచిది. ఇక వీడియో తీసి యూట్యూబ్‌లో పెట్టడం, వేరే భాషలోకి మార్చడం, సినిమావాళ్లకి కథ చెప్పడం, ఇవి అడిగి చేయాలని ఒక్క వాక్యం చేర్చండి. ఆహ్వానపత్రం మీద రచయితగా మీ పేరు ఉండాలనీ రాయండి. ఒక పేజీ చాలు.

ముట్టుకోకూడని మాటలు ఏవో ముందే చెప్పండి

నటుడు అన్నాక మాట కాస్త అటూ ఇటూ అవుతుంది. "వెళ్తున్నా" అని రాస్తే "పోతున్నా" అంటాడు. ఫర్వాలేదు. కానీ ప్రతి నాటికలోనూ ఓ నాలుగైదు మాటలుంటాయి, అవి కదిలితే ఇంకెక్కడో గోడ కూలుతుంది. అవి ఏవో మీకు తప్ప ఎవరికీ తెలియదు.

నా నాటికలో కోడలు మొదటి నుంచీ "మావయ్యా" అనే పిలుస్తుంది. చివరి రంగంలో, గడపలో నిలబడి, ఒకే ఒక్కసారి "నాన్నా" అంటుంది. నాటికంతా ఆ ఒక్క పిలుపు కోసమే నడుస్తుంది. ఆ పాత్ర వేసినావిడ మంచి నటి, మనసున్న మనిషి. రెండో రంగంలో పెద్దాయనకి మందు బిళ్ల అందిస్తూ, ఆ క్షణంలో మనసుకి వచ్చింది కాబట్టి "తీసుకోండి నాన్నా" అంది. ఆ రంగం బ్రహ్మాండంగా పండింది. చివరి రంగం చప్పగా అయిపోయింది. చూస్తున్న నలుగురికీ ఎక్కడ తేడా కొట్టిందో అర్థం కాలేదు. నేను చెప్పాక ఆవిడ తల పట్టుకుని, "ఈ మాట ముందే చెప్పాలి కదండీ" అంది. నిజమే, చెప్పాల్సింది నేనే.

అందుకని ఇచ్చే రోజున అలాంటి మాటల కింద గీత పెట్టి ఇవ్వండి. "ఇవి మారిస్తే ఫలానా నంబరు డైలాగు దెబ్బతింటుంది" అని ఒక్క ముక్క చెప్పండి. ఐదారుకి మించనివ్వకండి. ముప్పై చోట్ల గీతలు పెడితే దేనికీ విలువ ఉండదు, నటులు బిగుసుకుపోతారు.

యాస ఉంటే ఇదే పద్ధతి. ఉత్తరాంధ్రలో "ఏటి" అనే చోట గుంటూరు కుర్రాడు "ఏంది" అంటాడు. రెండూ చక్కటి మాటలే, మనిషి ఊరు మాత్రం మారిపోతుంది. ఆ ఊరి మనిషి చేత ఒక పది నిమిషాలు మామూలు కబుర్లు మాట్లాడించి రికార్డు చేసి నటులకి పంపండి. డైలాగులు చెప్పించొద్దు, కబుర్లే. యాస నవ్వు పుట్టించడానికి కాదనీ, ఆ మనిషి మాటే అదనీ మొదటి రోజే చెప్పాలి. ఇందులో నేను రాజీపడను.

మొదటి చదువు మీరు చదవకండి

మన సమాజాల్లో రచయితే చదివి వినిపించడం మర్యాద. నాకు అది నచ్చదు. ఎందుకంటే ఆరేళ్లుగా ఆ పాత్రలు మన తలలో ఒకే రకంగా మాట్లాడుతున్నాయి. చదివేటప్పుడు మనం ఆ గొంతులన్నీ పెడతాం. నటులు, ముఖ్యంగా కొత్తవాళ్లు, ఆ గొంతుల్ని పట్టుకుంటారు. నెల తర్వాత స్టేజీ మీద ఐదుగురు నటుల్లోనూ ఒకే రచయిత వినిపిస్తాడు. దర్శకుడు మరీ పట్టుబడితే చదవండి, కానీ కరెంటు బిల్లు చదివినట్టు చదవండి. గొంతు పెంచొద్దు, చేతులు ఊపొద్దు.

అంతకంటే మంచిది, అందరినీ గుండ్రంగా కూర్చోబెట్టి ఎవరి పాత్ర వాళ్లని చదవనివ్వడం. తడబడనివ్వండి. మేం ఓ మేడ మీద, నీళ్ల ట్యాంకు పక్కన చాప వేసుకుని కూర్చున్నాం. కొడుకు పాత్ర అబ్బాయి ఆఫీసు నుంచి సరాసరి వచ్చాడు, మెడలో ఐడీ కార్డు అలాగే ఉంది. ఇల్లు అమ్మే డైలాగు చదువుతూ కార్డు తాడు వేలికి చుట్టుకోవడం, విప్పడం. అది నేను రాయలేదు, అతనికి తెలియకుండానే చేస్తున్నాడు. ఇంట్లో చెప్పలేని అప్పు ఉన్నవాడు అలాగే ఉంటాడు. దర్శకుడు నా వైపు చూశాడు, ఇద్దరం నోరు మెదపలేదు. చెబితే ఆ క్షణమే అది నటన అయిపోయేది.

చదవడం అయ్యాక "ఎలా ఉంది?" అని అడగకండి. బాగుందండీ అంటారు, ఇంకేమంటారు? ఇలా అడగండి: ఎక్కడ నాలుక తిరగలేదు? ఎక్కడ మీ పాత్రకి పనేమీ లేకుండా ఊరికే నిలబడాల్సి వస్తోంది? ఎక్కడ అవతలి పాత్ర చెప్పింది మీకు అర్థం కాలేదు? జవాబులు రాసుకోండి. వెంటనే వాదించకండి. "అది అలా కాదండీ, అక్కడ నా ఉద్దేశం..." అని మొదలుపెట్టారంటే రెండోవాడు నోరు విప్పడు. ఇంటికెళ్లి, రెండు మూడు రోజులు ఆగి, అవసరమైనవి మార్చి, ఆ ప్రతి మీద కొత్త తేదీ వేసి అందరి దగ్గరా పాతవి వెనక్కి తీసుకోండి. రచయితగా మీ అంతట మీరు చేసే చివరి మార్పులు ఇవే.

స్త్రీ పాత్రలు వేసేవారి విషయం ప్రత్యేకంగా చూడాలి. మనకి నటీమణులు తక్కువ. సీజన్‌లో ఒక్కొక్కరు మూడు నాలుగు సమాజాలకి ఆడుతుంటారు, ఊళ్లు తిరుగుతూ ఉంటారు. అదే వాళ్ల బతుకుదెరువు. మీ రిహార్సల్స్ పాతిక జరిగితే అందులో ఆరింటికి రాగలిగితే గొప్ప. "ఆవిడ రాదు, వచ్చినప్పుడు చూద్దాం" అని అందరికంటే చివర్లో కాపీ ఇచ్చే అలవాటు ఉంది, అది అన్యాయం. అందరికంటే ముందు ఇవ్వాల్సింది ఆవిడకే. ఆవిడ లేని రోజు రిహార్సల్‌లో ఎదుటి పాత్రల డైలాగులు మాత్రం రికార్డు చేసి, ఆవిడ మాటలున్న చోట ఖాళీ వదిలి పంపండి. బస్సులో చెవిలో పెట్టుకుని ఆ ఖాళీల్లో తన మాట తాను చెప్పుకుంటుంది.

తెలిసినదంతా చెప్పకండి

నేను చేసిన పెద్ద తప్పు ఇక్కడ ఉంది, కాబట్టి కాస్త వివరంగా చెబుతాను.

ఆరేళ్లలో మీరు రాసింది నటుల చేతిలో ఉన్న ప్రతి ఒక్కటే కాదు. కొట్టేసిన రంగాలున్నాయి, తీసేసిన పాత్రలున్నాయి. మూడో ప్రతిలో పెద్దాయన భార్య బతికే ఉంది. ఆరో ప్రతిలో ఆమె చనిపోయిన రాత్రి ఉంది. ఆమె చీరల పెట్టె ఏ గదిలో ఉందో, ఆ గదిలో ఆయన ఎందుకు పడుకోడో నాకు తెలుసు. చివరి ప్రతిలో ఇవేవీ లేవు. ఆయన వరండాలో పడుకుంటాడు, అంతే.

తండ్రి పాత్ర వేసే ఆయన ఒకరోజు టీ తాగుతూ అడిగారు: "సార్, నేను లోపల గదిలో ఎందుకు పడుకోను?" ఆరేళ్లుగా ఎవరైనా అడుగుతారా అని ఎదురుచూసిన ప్రశ్న అది. మురిసిపోయి మొత్తం చెప్పాను. భార్య జబ్బు, ఆ రాత్రి, చీరల పెట్టె, అన్నీ. నలభై నిమిషాలు మాట్లాడాను. ఆయన కళ్లు చెమర్చాయి. మర్నాడు రిహార్సల్‌లో ఆయన స్టేజీ మీదకి అడుగుపెట్టడమే దుఃఖంతో పెట్టారు. మొదటి రంగంలో పాలవాడితో చిల్లర గురించి వేళాకోళం ఆడాల్సిన మనిషి, గొంతులో జీర పెట్టుకుని ఆడారు. చివర్లో తెలియాల్సినదంతా మొదటి నిమిషంలోనే ముఖంలో కనిపించింది. ఆ నలభై నిమిషాలు ఆయన్లోంచి పోవడానికి వారం పట్టింది. తప్పు ఆయనది కాదు. నేను ప్రతిలోంచి తీసేసినదాన్ని తెచ్చి ఆయన మీద పెట్టాను.

ఇప్పుడు నేను పాటించే పద్ధతి ఇది. నటుడు అడిగినదానికి జవాబు ప్రతిలో ఉంటే, జవాబు చెప్పను, నంబరు చెబుతాను: "87 మళ్లీ చూడండి." వాళ్లే తెచ్చుకుంటారు. ప్రతిలో లేకపోతే, "నాటికలో లేదు, మీకేమనిపిస్తే అది పెట్టుకోండి. నాకు చెప్పక్కర్లేదు" అంటాను. ఆ చివరి ముక్క ముఖ్యం. చెప్పమంటే మన ముఖం చూసి ఒప్పో తప్పో పోల్చుకుంటారు. తర్వాత ఇంకో నాటికలో ఓ నటుడు తన పాత్ర గురించి ఏదో నిర్ణయించుకుని ఆడాడు, అద్భుతంగా ఉంది, అదేమిటో ఈరోజుకీ నాకు తెలియదు.

పాత ప్రతులు, నోటు పుస్తకాలు నటులకి చూపించాలనే కోరిక కూడా వస్తుంది. ఎంత కష్టపడ్డామో తెలియాలని ఉంటుంది కదా. ఇంట్లోనే ఉంచండి. దర్శకుడు ఒక్కడే అడిగితే, ఒక్కసారి, ఆయనకి మాత్రం చూపించండి.

మార్పు అడిగితే ఏం చేయాలి

రిహార్సల్ సాగేకొద్దీ మార్పులు అడుగుతారు. ఒక నియమం పెట్టుకోండి: ఏ మార్పైనా దర్శకుడి ద్వారానే రావాలి, మీ చేత్తోనే ప్రతిలోకి ఎక్కాలి. నటుడు నేరుగా ఫోన్ చేసి "సార్, ఆ డైలాగు ఇలా అంటే బాగుంటుంది" అన్నప్పుడు "డైరెక్టరు గారితో అనండి" అని ఊరుకోండి. మొహమాటానికి సరే అన్నారో, మర్నాడు ఇంకో నలుగురు ఫోన్ చేస్తారు, దర్శకుడికి మీ మీద నమ్మకం పోతుంది.

అయితే వచ్చిన ప్రతి మార్పునీ మన పిల్లని ఎవరో కొట్టినట్టు చూడకండి. నా నాటికలో తండ్రికి ఒక పెద్ద డైలాగు ఉండేది. ఇంటి గోడల్లో మీ అమ్మ గొంతు ఉందిరా అంటూ పన్నెండు వాక్యాలు. అది రాసిన రాత్రి నాకు ఇప్పటికీ గుర్తు. కొడుకు ఇచ్చిన వంద నోటుతో తండ్రి మందులు తెచ్చుకున్నాక వచ్చే డైలాగు అది. ఒక సాయంత్రం పెద్దాయన దాన్ని మొదలుపెట్టి, మూడో వాక్యం దగ్గర మర్చిపోయారు. ఆగలేదు. జేబులోంచి చిల్లర తీశారు, అరచేతిలో వేసుకుని కండక్టరు లెక్కపెట్టినట్టు బొటనవేలితో ఒక్కొక్క నాణేన్నీ జరిపారు, కొడుకు చేతిలో పోశారు. "మూడు రూపాయలు తక్కువున్నాయిరా. రేపిస్తాను." అంతే అన్నారు.

మేడ మీద ఎవరూ మాట్లాడలేదు. నేను రాసిన పన్నెండు వాక్యాలూ ఆ మూడు రూపాయల్లో ఉన్నాయి. దర్శకుడు "ఏమంటారు?" అన్నాడు. ఆ రాత్రి పాత డైలాగు కొట్టేసి ఇది రాసి, నంబర్లు సరిచేసి అందరికీ ఆ పేజీ పంపాను. బాధ లేదని చెప్పను. కొట్టేసిన పేజీ ఇంకా నా దగ్గర ఉంది.

ఏది ఒప్పుకోవాలి, ఏది వద్దనాలి అంటే నేను చూసేది ఒక్కటే. పాత్ర లోపలి నుంచి వచ్చిందా, చప్పట్ల కోసం వచ్చిందా? ఆ మధ్యే కొడుకు పాత్ర అబ్బాయి ఒక టీవీ షో పంచ్ కలుపుదామన్నాడు. వద్దన్నాం. నవ్వుతారు, నిజమే. కానీ ఆ నవ్వు కొడుక్కి కాదు, ఆ షోకి.

కొన్నాళ్లు కనిపించకండి

ప్రతి ఖాయమయ్యాక రిహార్సల్‌కి రోజూ వెళ్లకండి. మీరు గదిలో ఉంటే నటుడు డైలాగు చెప్పి ఎదుటి పాత్రని చూడడు, మిమ్మల్ని చూస్తాడు. నేను రెండు వారాలు వెళ్లను. ఫోన్ చేసి అడగను. ఇది అన్నిటికన్నా కష్టమైన మెట్టు, సాయంత్రం ఆరు కొట్టగానే కాళ్లు అటే లాగుతాయి. ఆ రోజుల్లో ఇంకేదైనా రాయడం మొదలుపెట్టండి.

పూర్తి రిహార్సల్ మొదలయ్యాక ఒకరోజు వెళ్లండి. అందరికంటే వెనక కూర్చోండి. చేతిలో ప్రతి వద్దు, తెల్ల కాగితం చాలు. ప్రతి ఉంటే మాటలు సరిచూస్తూ ఉండిపోతాం, నాటిక చూడం. ఎక్కడ మనసు పక్కకి పోయిందో, ఎక్కడ మాట వినబడలేదో రాయండి. వేలాడే మైకుల కింద ఆడేటప్పుడు మైకుకి దూరమైన డైలాగు గాలిలో కలిసిపోతుంది. అది రచయిత చెవికి ముందు తెలుస్తుంది, ఏం మాట రావాలో మనకి తెలుసు కదా. ఆ కాగితం దర్శకుడికి ఇచ్చి వచ్చేయండి. నటులతో బాగా చేశారనో, భోంచేశారా అనో మాట్లాడండి. ఒక్క నోట్ కూడా నేరుగా ఇవ్వకండి.

ప్రదర్శన రోజున తెర వెనక్కి ముందే వెళ్లి పలకరించి వచ్చేయండి. మేకప్ జరుగుతుండగా "ఆ నాన్నా అనే చోట మాత్రం..." అని గుర్తు చేయాలనిపిస్తుంది. చేయకండి. హాల్లో మీకెవరూ తెలియని వరసలో, పక్కగా కూర్చోండి. స్టేజీని మీరు ఎలాగూ చూస్తారు, అప్పుడప్పుడు జనాన్ని చూడండి. దగ్గులు ఎక్కడ మొదలయ్యాయో, ఫోన్ల వెలుగు ఎక్కడ కనిపించిందో గుర్తుపెట్టుకోండి.

ఆ ఒక్క కాపీ వెనక్కి అడిగి తీసుకోండి

రెండు మూడు ప్రదర్శనలయ్యాక, రిహార్సల్స్‌లో ప్రతి పట్టుకుని డైలాగులు అందించిన కుర్రాడి దగ్గర ఉన్న కాపీ అడిగి తెచ్చుకోండి. ప్రతి పేజీ ఫొటో తీసుకుని తిరిగి ఇచ్చేయండి. నటులు నిజంగా ఏ మాట అంటున్నారో, ఎక్కడెక్కడ కోత పడిందో అన్నీ అందులో ఉంటాయి. మీ కంప్యూటర్లో ఉన్నది అప్పటికి పాతబడిపోయింది. పుస్తకంగా వేసినా, ఇంకో సమాజానికి ఇచ్చినా దాన్నే చూసుకుని కొత్త ప్రతి తయారు చేయండి.

నా నాటిక కాపీ అలాగే తెచ్చుకున్నాను. చిల్లర డైలాగు ఉన్న పేజీ అంచుకి టీ మరక. "మూడు రూపాయలు తక్కువున్నాయిరా" ముందు పెన్సిలుతో చిన్న గీత, పక్కన "4" అని ఉంది. ఏమిటని అడిగితే, ఆ మాట అనే ముందు పెద్దాయన మనసులో నాలుగు అంకెలు లెక్కపెడతారనీ, ఆ లోపల తొందరపడి అందించొద్దని చెప్పారనీ అన్నాడు. అచ్చుకి ఇచ్చేటప్పుడు నేను మిగుల్చుకున్న ఆ ఏడు సూచనలకీ ఎనిమిదోది చేర్చాను: ఆగుతాడు.